పబ్లిక్ అంటే ఎవరు భాయ్? నయా ఖిల్లా గోల్ఫ్ మైదాన్ మీద కోసిగి నుంచి ఒక రివ్యూ



గచ్చిబౌలిలో పనిచేసే మా మేనల్లుడు పోయిన వారం వాట్సాప్‌లో ఒక లిస్టు పంపినాడు. వీకెండ్‌లో పోయి ఆడుకోడానికి బాగుండే పబ్లిక్ గోల్ఫ్ కోర్సులంట. ఒక్కోదానికి స్టార్లు వేసి ఉన్నాయి. గడ్డి ఎట్లుంది, గ్రీన్ల మీద బంతి ఎట్లా పోతుంది, క్యాడీలు తమీజ్‌గా మాట్లాడతారా, నాస్తా బాగుంటుందా, కారు పెట్టుకోడానికి జాగా ఉందా, అన్నిటికీ మార్కులు. గోల్కొండ నయా ఖిల్లాలో ఉన్న కోర్సుకైతే తారీఫ్ మీద తారీఫ్. కుతుబ్ షాహీల గోడల మధ్య నిలబడి బంతి కొట్టే మజా ఇంకెక్కడా దొరకదని రాసినారు. కింద మావాడు ఒక లైను చేర్చినాడు: "మామూ, ఈసారి వచ్చినప్పుడు పిల్లల్ని తోలుకొని పోదామా?"

మా కోసిగి సంగతి తెలిసినవాళ్ళకు ఇది తమాషాగా ఉంటుంది. ఈడ సుగ్గి అయిపోయిందంటే సగం ఊరు మూటాముల్లె సర్దుకొని గుంటూరుకు మిరపకాయలు కోయడానికో, బెంగళూరుకు, హైదరాబాదుకు కట్టుబడి పనులకో పోతుంది. స్టేషన్‌లో పిల్లల్ని చంకనేసుకున్న తల్లుల్ని చూస్తే అర్థమవుతుంది. గచ్చిబౌలి బిల్డింగుల్లో కాంక్రీటు మోసినవాళ్ళలో మావాళ్ళూ ఉన్నారు. ఆ బిల్డింగుల పక్కనున్న పచ్చగడ్డి మీద వాళ్ళెప్పుడూ కాలు పెట్టలేదు. అయినా ఆ లిస్టులో ప్రతి కోర్సు పక్కనా 'పబ్లిక్' అనే మాట ఉంది. ఎట్లా పబ్లిక్ అని మావాడిని అడిగితే, "మెంబర్ కాకపోయినా ఫీజు కట్టి ఆడొచ్చు మామూ, అందుకే" అన్నాడు.

ఆ జవాబు దగ్గరే నా మనసు ఆగిపోయింది. ఫీజు కట్టగలిగినవాడే పబ్లిక్ అయితే మిగతావాళ్ళమంతా ఎవరం? అందుకే నేనూ ఒక రివ్యూ రాస్తున్నా. స్టార్లు వేయను. నాలుగు సవాళ్ళు అడుగుతా. జమీన్ ఎవరిది? గేటు ఎవరికి తెరుచుకుంటుంది? గడ్డి కింద, గడ్డి పక్కన ఏముంది? నీళ్ళు యాడివి?

ఆట మీద నాకు దుష్మనీ లేదు

ముందు ఒక మాట సాఫ్‌గా చెప్పేస్తా. గోల్ఫ్ అనగానే మన మజ్లిసుల్లో కొందరు బుజుర్గులు అది దౌలత్‌మందుల ఆట, ఇస్రాఫ్, మనకెందుకని కొట్టిపారేస్తారు. నేను ఆ మాట ఒప్పుకోను. మన దీన్ ఆటలకు దుష్మన్ కాదు. తీరందాజీ, గుర్రపుస్వారీ నేర్చుకోమని తర్గీబ్ ఇచ్చిన దీన్ మనది. హుజూర్ (స) బీబీ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేసిన సంగతి మక్తబ్‌కు పోయే పిల్లలకు కూడా తెలుసు. ఒళ్ళు కదిలించే ఆట హలాల్ తఫ్రీహ్, అందులో శక్ లేదు.

ఇంకొక సంగతి. గోల్ఫ్ మనవాళ్ళ చేతికి అందని ఆటేమీ కాదు. ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లో క్యాడీగా, అంటే ఇతరుల సంచులు మోసే పనిలో మొదలైన అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచినాడు. ఆ కప్పు గెలిచిన తొలి భారతీయ ప్రొఫెషనల్ ఆయనే. 1993లో మళ్ళీ గెలిచినాడు. సంచి మోసిన పిల్లవాడికి ఒకరోజు కర్ర పట్టుకునే మౌకా దొరికితే ఏమవుతుందో ఆయన చూపించినాడు. కాబట్టి ఆటను తిట్టడం వల్ల ఫాయిదా లేదు.

కానీ ఈ ఆటకు ఒక గుణం ఉంది. బంతి పడాల్సిన గుంత వెడల్పు 4.25 అంగుళాలు. అట్లాంటి 18 గుంతల కోసం వంద ఎకరాలు, చాలాచోట్ల అంతకంటే ఎక్కువ కావాల. మనవాళ్ళు క్రికెట్ ఆడే మైదాన్‌కు నాలుగైదు ఎకరాలు చాలు, అందులో 22 మంది ఆడతారు, చుట్టూ వేలమంది కూర్చొని చూస్తారు. గోల్ఫ్‌లో నలుగురు నలుగురుగా నడిచిపోతారు. ఇంత తక్కువమందికి ఇంత జమీన్ అడిగే ఆట ఇంకొకటి లేదు. అందుకే గోల్ఫ్ కోర్సును రివ్యూ చేసేవాడు గడ్డి కంటే ముందు జమీన్ గురించి అడగాల. ఆ లిస్టు రాసినవాళ్ళు అడగలేదు.

గడ్డి పక్కన ఏముంది?

నయా ఖిల్లా తారీఖ్ కొంచెం చెప్తా, పిల్లలకు చదివి వినిపించండి. 1656లో ఔరంగజేబు, అప్పటికి ఇంకా షెహజాదా, ఫౌజుతో వచ్చి గోల్కొండను ముట్టడించినాడు. కోటకు ఈశాన్యం వైపు ఒక గుట్ట ఉంది. దుష్మన్ దాని మీద తోపులు ఎక్కిస్తే గుండ్లు నేరుగా కోటలోపలికే వచ్చి పడతాయి. ముట్టడి సుల్హాతో ముగిసినాక అబ్దుల్లా కుతుబ్ షా ఆ గుట్టను కూడా లోపలికి కలుపుకొంటూ కొత్త గోడ, బుర్జులు కట్టించినాడు. అదే నయా ఖిల్లా. 1687లో ఔరంగజేబు బాద్‌షాగా మళ్ళీ వచ్చినప్పుడు గోల్కొండ ఎనిమిది నెలలు నిలబడింది.

ఆ గోడ లోపల ఉన్నవి చూడండి. ముల్లా ఖయాలీ మస్జిద్ ఉంది. ముల్లా ఖయాలీ ఇబ్రహీం కుతుబ్ షా కాలపు దక్ఖనీ షాయర్. ఆ ఇబ్రహీం కుతుబ్ షానే మన తెలుగు కవులు మల్కిభరాముడని ముద్దుగా పిలుచుకున్నారు. అద్దంకి గంగాధరుడు తపతీ సంవరణోపాఖ్యానాన్ని అంకితమిచ్చింది ఆయనకే. దక్ఖనీ షాయరీ, తెలుగు పద్యం ఒకే దర్బారులో నడిచిన కాలం అది. ఇంట్లో ఉర్దూ మాట్లాడుతూ బడిలో తెలుగు చదివే మన పిల్లలకు అంతకంటే దగ్గర తారీఖ్ ఏముంది? ఇంకా ముస్తఫా ఖాన్ మస్జిద్ ఉంది. మజ్నూ బుర్జు ఉంది. 2020 అక్టోబర్‌లో కురిసిన భారీ వానలకు ఆ బుర్జులో కొంత భాగం కూలిపోయింది.

అన్నిటికంటే పిల్లలు నోరు తెరిచి చూసేది హతియాన్ కా ఝాడ్. ఆఫ్రికా నుంచి వచ్చిన బావొబాబ్ చెట్టు. వందల ఏళ్ళది. మొదలు చుట్టుకొలత 25 మీటర్ల పైనే. లోపల బోలుగా, మనుషులు దూరి కూర్చునేంత జాగా ఉంటుంది. సముందర్ దాటి ఆ చెట్టు ఎట్లా వచ్చిందో ఆలోచిస్తే నాకు మా ఆదోని యాదికొస్తుంది. ఆదోని షాహీ జామియా మస్జిద్‌ను కట్టించిన సిద్ది మసూద్ ఖాన్ హబ్షీ, అంటే ఆయన మూలం కూడా ఆఫ్రికానే. ఆఫ్రికా నుంచి దక్ఖన్‌కు మనుషులు వచ్చినారు, విత్తనాలు వచ్చినాయి. రెండూ ఈ రాళ్ళనేలలో వేళ్ళు పాతుకున్నాయి. ఈ సబక్ బడిపుస్తకంలో ఉండదు. ఆ చెట్టు కింద నిలబడితే చాలు.

అట్లాంటి జాగాలో, ఒకప్పుడు సేద్యం సాగిన నేల మీద, ఇప్పుడు 18 హోల్స్ గోల్ఫ్ కోర్సు ఉంది. గోల్కొండకు సైర్‌కు పోయే మన ఖాందాన్లు ఫతే దర్వాజా దగ్గర ఫోటో దిగుతారు, చప్పట్లు కొట్టి ఆవాజ్ వింటారు, బాలాహిస్సార్ ఎక్కుతారు, బిర్యానీ తిని ఇంటికొస్తారు. నయా ఖిల్లా వైపు పోయేవాళ్ళు చాలా తక్కువ. అటుపక్క అంత తారీఖ్ ఉందనే సంగతే ఎక్కువమందికి తెలియదు. తెలిసి పోవాలనుకునేవాళ్ళు, తారీఖ్ మీద మొహబ్బత్ ఉన్నవాళ్ళు, రాకపోకల ఆంక్షల గురించి ఏళ్ళుగా మొరపెట్టుకుంటూనే ఉన్నారు.

గేటు ఎవరికి తెరుచుకోవాల?

ఇది మన ఇష్టాయిష్టాల సంగతి కాదు, కానూన్ సంగతి. గోల్కొండ కోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టంలో 18వ సెక్షన్ ఉంది. రక్షిత కట్టడాన్ని చూసే హక్కు, నియమాలకు లోబడి, ప్రజలకు ఉందని దాని సారాంశం. అక్కడ రాసింది ప్రజలు. ఫీజు కట్టినవాళ్ళు అని కాదు, మెంబర్లు అని కాదు. పురావస్తు శాఖ కట్టడాల్లో 15 ఏళ్ళలోపు పిల్లలకు టికెట్టే లేదు. హుకూమత్ మన పిల్లలకు ముఫ్త్‌గా ఇచ్చిన హక్కు అది. గోల్కొండ, కుతుబ్ షాహీ మఖ్‌బరాలు, చార్మినార్ కలిపి 2010 నుంచి యునెస్కో తాత్కాలిక జాబితాలో ఉన్నాయి. దునియా మొత్తానికి చూపించాలనుకునేదాన్ని కోసిగి పిల్లకు చూపించడానికి తకలీఫ్ ఏమి?

"బంతులు తగుల్తాయి సార్, ఆట నడిచేటప్పుడు మనుషులు తిరిగితే ఖతరా" అంటారు. నిజమే. గోల్ఫ్ బంతి తగిలితే తల పగులుతుంది. దీనికి జవాబు గోల్ఫ్ పుట్టిన ఊర్లోనే ఉంది.

స్కాట్లాండ్‌లో సెయింట్ ఆండ్రూస్ అని చిన్న ఊరు. అక్కడి ఓల్డ్ కోర్స్ అంటే గోల్ఫ్ ఆడేవాళ్ళకు జియారత్‌గాహ్ లాంటిది. 1552లో అక్కడి ఆర్చిబిషప్ రాసిచ్చిన ఫర్మానాలో ఆ సముద్రపు ఒడ్డు నేల మీద గోల్ఫ్, ఫుట్‌బాల్ ఆడుకునే హక్కు, పశువులు మేపుకునే హక్కు ఊరి జనానిదని ఖాయం చేసినారు. 1797లో అప్పులపాలైన ఊరి కౌన్సిల్ ఆ నేలను అమ్మేసింది. కొన్నవాళ్ళు కుందేళ్ళ పెంపకం పెట్టినారు. ఊరివాళ్ళు ఊరుకోలేదు. కోర్టులకెక్కి ఏళ్ళ తరబడి జగడా చేసినారు. చివరికి 1894లో పార్లమెంటు చట్టంతో ఊరు తన నేలను మళ్ళీ తన చేతికి తెచ్చుకుంది. 1974 చట్టంతో ఏర్పడిన ట్రస్టు ఇప్పుడు దాన్ని నడుపుతోంది.

ఆ ఓల్డ్ కోర్స్‌లో మొదటి హోల్‌ను, 18వ హోల్‌ను అడ్డంగా కోసుకుంటూ ఊరి దారి పోతుంది. మనుషులు దాటుతుంటే ఆటగాడు ఆగాల. ఇక ఇత్వార్ రోజు మామూలుగా ఆటే ఉండదు. ఆ రోజు ఊరివాళ్ళు పిల్లల్ని బండ్లలో తోసుకుంటూ, కుక్కల్ని తిప్పుకుంటూ, దునియా చాంపియన్లు నడిచిన గడ్డి మీద నడుస్తారు. ఆడుకోడానికి బయటి దేశాల నుంచి జనం వేలకు వేలు పోసి వచ్చే మైదాన్ అది. వారానికి ఒక రోజు మూసేస్తే ఆ కోర్సు దివాలా తీయలేదు, దాని ఇజ్జత్ తగ్గలేదు. ఇంకా పెరిగింది.

కాబట్టి నా డిమాండ్ చాలా చిన్నది. నయా ఖిల్లా నుంచి గోల్ఫ్‌ను పీకేయమని నేను అడగడం లేదు. వారంలో ఒక రోజు ఆట ఆపండి. ఆ రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా గేటు అందరికీ తెరవండి. మస్జిద్‌ల దాకా, హతియాన్ కా ఝాడ్ దాకా, బుర్జు దాకా నడిచే దారి గుర్తుపెట్టి, తెలుగులో, ఉర్దూలో బోర్డులు పెట్టండి. మిగతా ఆరు రోజులు ఆడేవాళ్ళు ఆడుకోనీ. పబ్లిక్ అని పేరు పెట్టుకున్నదానికి ఇది కూడా బరువైతే ఆ పేరు తీసేయాల.

చౌకీదార్ మాట

దీనికి ఎదురుగా వచ్చే దలీల్‌లో ఒకటి గట్టిది, దాన్ని దాటవేయను. గోల్ఫ్ కోర్సు లేకపోయి ఉంటే నయా ఖిల్లా ఈపాటికి ఇళ్ళతో, ఫంక్షన్ హాళ్ళతో నిండిపోయేది అంటారు. గోల్కొండ చుట్టూ కబ్జాలు చూసినవాళ్ళెవరూ ఈ మాటను తేలిగ్గా తీసేయలేరు. పచ్చదనం మిగిలింది, అపార్టుమెంట్లు లేవలేదు, మంచిదే. దానికి షుక్రియా చెప్దాం.

కానీ ఇల్లు కాపాడినాడని ఇల్లు చౌకీదార్‌ది అయిపోదు. కాపాడటం జిమ్మేదారి. ఎవరు లోపలికి రావాలో ఎవరు రాకూడదో తేల్చే అధికారం దాంతోపాటు రాదు. పైగా కట్టడాన్ని కాపాడేది చూసే కళ్ళు. జనం రోజూ తిరిగే బాలాహిస్సార్‌లో ఒక రాయి పడితే సాయంత్రానికి అఖ్బార్లో వస్తుంది. జనం పోని చోట గోడ బీట వారితే చూసేదెవరు, చెప్పేదెవరు? మనుషులు దూరమైన కట్టడం అనాథ అవుతుంది.

ఇంకో మాట కూడా వింటున్నా. "ఇదంతా మస్జిద్ పేరు చెప్పి ముసల్మాన్లు చేసే గొడవ" అని. కాదు సాబ్. కుతుబ్ షాహీల కోట కట్టినవాళ్ళలో, కాపాడినవాళ్ళలో, ఆ నేల మీద దున్నినవాళ్ళలో అన్ని కులాలవాళ్ళు, అన్ని మతాలవాళ్ళు ఉన్నారు. గేటు తెరిస్తే అందరికీ తెరుచుకుంటుంది. తలుపు మూస్తే మా పిల్లలతో పాటు మీ పిల్లలూ బయటే ఉంటారు.

మన గఫ్లత్ సంగతి

ఇప్పటిదాకా ఇతరుల్ని అడిగినా. ఇక మనల్ని మనం అడుక్కోవాల. ఈ భాగం కొందరికి చేదుగా ఉంటుంది.

ఆ లిస్టులో ఇంకో కోర్సు గచ్చిబౌలిలోని బౌల్డర్ హిల్స్. నల్లరాళ్ళ మధ్య 18 హోల్స్, చూడ్డానికి ఖూబ్‌సూరత్. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన పరిశ్రమల మౌలిక వసతుల సంస్థ ద్వారా దుబాయ్ కంపెనీ ఎమ్మార్‌తో చేసుకున్న ఒప్పందంలో భాగం అది. గోల్ఫ్ కోర్సుకు సుమారు 235 ఎకరాలు, 66 ఏళ్ళ లీజు. ఆ ఒప్పందం మీద, పక్కనే వేసిన విల్లా ప్లాట్ల అమ్మకాల మీద ఆరోపణలొచ్చి 2011లో హైకోర్టు ఆదేశంతో సీబీఐ దర్యాప్తు మొదలైంది. కేసు కోర్టుల సంగతి, దానిలోకి నేను పోను. అడిగేది ఒక్కటే. సర్కారీ జమీన్‌లో 235 ఎకరాలు 66 ఏళ్ళకు ఇస్తున్నప్పుడు ఆ చుట్టుపక్కల బస్తీ పిల్లలకు వారానికి ఒక గంట ముఫ్త్‌గా ఆట నేర్పాలని ఒక షర్తు పెడితే ఎంతమంది అలీ షేర్‌లు తయారయ్యేవాళ్ళు?

అదే చుట్టుపక్కల మణికొండ ఉంది. అక్కడ హజ్రత్ హుసేన్ షా వలీ (రహ్మతుల్లాహి అలైహి) దర్గా ఉంది. హుసేన్ సాగర్‌కు పేరొచ్చింది ఆయన పేరు మీదే. ఆ దర్గాకు చెందిన వక్ఫ్ అని మనవాళ్ళు చెప్పుకున్న జమీన్ 1654 ఎకరాల 32 గుంటలు. పెద్దపెద్ద కంపెనీలకు ప్రభుత్వం ఇచ్చేసిన నేల అది. హైకోర్టులో వక్ఫ్ బోర్డు వైపు వచ్చిన మాట సుప్రీంకోర్టులో నిలవలేదు. 2022 ఫిబ్రవరి 7న ఆ జమీన్ ప్రభుత్వానిదేనని ఫైసలా వచ్చింది. ఆ జాగీరు 1949 నాటి జాగీర్ల రద్దు తర్వాత ఏమైంది అన్నదాని మీద, వక్ఫ్ బోర్డు 2006లో వేసిన సవరణ నోటిఫికేషన్ చెల్లుతుందా అన్నదాని మీద వాదనంతా నడిచింది. కోర్టు ఆ నోటిఫికేషన్‌ను కొట్టేసింది.

ఆ ఫైసలా వచ్చిన రోజు మన ఇళ్ళలో గమ్ ఉంది, గుస్సా ఉంది. నాకూ ఉంది. కానీ ఒక సవాల్ మాత్రం నన్ను వదల్లేదు. దర్గా వందల ఏళ్ళది. జాగీర్లు రద్దయింది 1949లో. నేల చేతులు మారి, బిల్డింగులు లేవడం మొదలయ్యాక 2006లో సవరణ నోటిఫికేషనా? మధ్యలో ఆ యాభై ఏడేళ్ళు ఏం చేసినాం? ముతవల్లీలు ఏం చేసినారు, బోర్డు ఏం చేసింది, ప్రతి ఎన్నికకు దర్గాలో చాదర్ కప్పి ఫోటో దిగిన మన లీడర్లు ఏం చేసినారు? సెయింట్ ఆండ్రూస్‌వాళ్ళు 1552 నాటి కాగజ్‌ను జాగ్రత్తగా పెట్టుకుని పోరాడినారు. మన కాగజ్‌లు ఎవరి ఇంట్లో, ఏ ట్రంకుపెట్టెలో చెదలు పట్టినాయో మనకే తెలియదు. ఇతరులు చేసిన జుల్మ్ గురించి మాట్లాడే హక్కు మనకుంది. కానీ అమానత్‌లో ఖయానత్ మన ఇంట్లోనే జరిగినప్పుడు ఖామోష్‌గా ఉండిపోయి, బయటివాడి మీద మాత్రం నారాలిస్తే ఇన్సాఫ్ కాదు.

నీళ్ళు, గడ్డి

నాలుగో సవాల్ మా రాయలసీమవాళ్ళు అడగక తప్పనిది. మా కోసిగి పక్కనుంచి తుంగభద్ర దిగువ కాలువ పోతుంది. కాలువ పోయినంత మాత్రాన నీళ్ళు పొలానికి రావని చివరి ఆయకట్టు రైతును అడిగితే చెప్తాడు. 2024 ఆగస్టులో డ్యాం 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు మా వైపు ఇళ్ళల్లో ఎవరికీ కంటిమీద కునుకు లేదు.

ఇప్పుడు ఒక హిసాబ్ చూడండి. ఎండాకాలంలో గడ్డి పచ్చగా ఉండాలంటే రోజుకు 5 మిల్లీమీటర్ల నీరు కావాలనుకుందాం. ఒక ఎకరాకు అది సుమారు 20 వేల లీటర్లు. 80 ఎకరాల గడ్డికి రోజుకు 16 లక్షల లీటర్లు. జల్ జీవన్ మిషన్ లెక్క ప్రకారం పల్లెల్లో మనిషికి రోజుకు 55 లీటర్లు. అంటే ఒక్క కోర్సు ఒక్క రోజు తాగే నీళ్ళు 29 వేల మందికి సరిపోతాయి. శుద్ధి చేసిన మురుగునీళ్ళతో తడిపితే ఆ పాపం చాలావరకు తగ్గుతుంది, అట్లా చేసేవాళ్ళకు షాబాష్. కానీ రివ్యూ రాసేవాడు గడ్డి ముఖ్‌మల్‌లా ఉందని రాసే ముందు, ఆ ముఖ్‌మల్‌కు నీళ్ళు బోరువా, కాలువవా, మురుగు శుద్ధి కేంద్రానివా అని ఒక్క మాట అడగాల.

ఇది కొత్త సంగతి కూడా కాదు. మా కోసిగివాళ్ళు పనికి పోయే బెంగళూరులో గోల్ఫ్ క్లబ్ మొదలైంది 1876లో. అదే ఏడాది మా సీమలో ధాత కరువు మొదలైంది. 1876 నుంచి 1878 దాకా బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాల్లో లక్షలమంది ఆకలికి ప్రాణాలిడిచినారు. దొరలు పచ్చిక మీద బంతి కొట్టడం వల్ల కరువు రాలేదు, అట్లా నేను అనను. ఎవరి పచ్చిక పచ్చగా ఉండాలో, ఎవరి నేల ఎండాలో నిర్ణయించే చేతులు ఆనాడు ఒకటే అని మాత్రం అంటాను.

నీళ్ళు, పచ్చిక, నిప్పు, ఈ మూడింటిలో మనుషులందరికీ షరీక్‌దారీ ఉందని హుజూర్ (స) నేర్పినారు. ఖుత్బాలో ఎన్నోసార్లు విన్న మాటే. గోల్ఫ్ కోర్సులో ఉండేది ముఖ్యంగా ఆ రెండే, నీళ్ళు, పచ్చిక. ఆ తాలీమ్‌ను తక్‌రీర్లకే వదిలేసి, ఇలాంటి చోట వాడకపోతే ఇంకెక్కడ వాడతాం?

ఇక మనం చేయాల్సింది

శికాయత్‌తో ఆపితే రాసి ఏం లాభం? మూడు పనులు చెప్తా, మూడూ చేతనైనవే.

ఒకటి. ఈసారి హైదరాబాద్ పోయినప్పుడు బాలాహిస్సార్‌తో ఆగకండి. నయా ఖిల్లా చూడాలని అడగండి. నరమ్‌గా, తమీజ్‌తో, కానీ ఖచ్చితంగా అడగండి. ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు అందరూ కలిసి పోండి. అడిగేవాళ్ళు లేకపోతే ఏ గేటైనా తుప్పు పడుతుంది. పోనీయకపోతే ఎందుకు పోనీయరో పురావస్తు శాఖను సమాచార హక్కు చట్టం కింద అడగండి. 2005 నుంచి ఆ హక్కు ఉంది, దర్ఖాస్తు ఫీజు పది రూపాయలు. వారంలో ఒక రోజు ఆట ఆపే ఆలోచన ఉందా, నీళ్ళు యాడ నుంచి తెస్తున్నారు, బుర్జు మరమ్మతు ఎంతవరకు వచ్చింది అని కూడా సంబంధిత శాఖలను అడగండి.

రెండు. మీ ఊరి మస్జిద్, ఈద్‌గాహ్, ఖబరస్తాన్, అషూర్ఖానా కాగజ్‌లు ఈ నెలలోనే తీయండి. సర్వే నంబరు, హద్దులు, గెజెట్ నోటిఫికేషన్ తారీఖు, రెవెన్యూ అడంగల్‌లో ఏమని ఉందో, నాలుగూ ఒక ఫైల్‌లో పెట్టండి. 2025 జూన్‌లో మొదలైన ఉమీద్ పోర్టల్‌లో వక్ఫ్ జాయిదాద్‌లన్నీ ఆరు నెలల్లో ఎక్కించాలని గడువు పెట్టినప్పుడు ఎన్ని కమిటీలు కాగజ్ కోసం ఉరుకులు పెట్టినాయో మనమందరం చూసినాం. ఆ కొత్త కానూన్ మీద మనకు ఎంత ఎతరాజ్ ఉన్నా కాగజ్ లేకపోవడం ఎవరి తప్పూ కాదు, మనదే. ఒక కాపీ మస్జిద్‌లో, ఒకటి సదర్ సాబ్ ఇంట్లో, ఒకటి ఊర్లో చదువుకున్న ఆడపిల్ల ఫోన్‌లో ఉండాల. నమ్మకంగా చెప్తున్నా, మూడోదే భద్రంగా ఉంటుంది.

మూడు. మీ పిల్లల్లో ఎవరికైనా గోల్ఫ్ మీద శౌఖ్ ఉంటే ఆపకండి. ఆడనీయండి. గెలిచి రానీయండి. కానీ వాళ్ళు నిలబడ్డ గడ్డి ఎవరిదో, దాని పక్కనున్న గోడ ఎవరు కట్టించినారో, దానికి పోసే నీళ్ళు ఎవరి వాటా నుంచి వచ్చినాయో తెలిసి ఆడాల.

మా మేనల్లుడికి జవాబు రాసినా. పోదాం బేటా, పిల్లల్ని, మీ అమ్మీని కూడా తోలుకొని పోదాం. గోల్ఫ్ కర్రలు వద్దు. నీళ్ళ బాటిళ్ళు, ఎండకు టోపీలు, నమాజుకు ఒక చాప చాలు. ముందు హతియాన్ కా ఝాడ్ దగ్గరికి దారి అడుగుదాం. తెరిస్తే ఐదు స్టార్లు వేద్దాం. తెరవకపోతే అదే రివ్యూ అని రాద్దాం.

అల్లాహ్ తఆలా మనకు మన అమానత్‌లను గుర్తుపట్టే సమఝ్, అడిగే హిమ్మత్, కాపాడే తౌఫీఖ్ ఇవ్వుగాక. ఆమీన్.

వస్సలాం.